ఖాడీ నీళ్ళ గోడ

హాడో, పోర్ట్ బ్లెయిర్,
జనవరి.

హరితా,

ఫోను ఉండగా వదిన ఉత్తరం రాసిందేమిటని నవ్వకు. మా క్వార్టర్ సంగతి నీకు తెలుసు కదా. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. నేను పొయ్యి దగ్గర గుసగుసలాడినా మా దీపికకు వినిపిస్తుంది. సాయంత్రం మీ అన్నయ్య కొచ్చి నుంచి ఫోను చెయ్యగానే పొద్దున్నుంచీ ఇంట్లో జరిగిందంతా అప్పజెప్పేస్తుంది. తొమ్మిదో తరగతికి వచ్చినా తెలుగు అక్షరం గుర్తుపట్టదు. నీలాంటి తెలుగు టీచరు మేనకోడలికి తెలుగు చదవడం రాదని నన్ను ఎన్నిసార్లు దెప్పావు! ఇప్పుడు అదే నాకు కలిసొచ్చింది. ఉత్తరం బల్లమీద వదిలేసి పోయినా భయం లేదు.

విషయం ఏమిటంటే, ఈ క్వార్టర్లు పాతబడిపోయాయని, వానలు మొదలయ్యేలోపు అందరూ ఖాళీ చెయ్యాలని చెప్పేశారు. మీ అన్నయ్య పనిచేసే ఓడేమో మరమ్మతుకు కొచ్చి డాక్‌లో ఉంది. అది తేలేసరికి వేసవి దాటుతుందట. వెళ్ళేముందు ఆయన, తుష్నాబాద్‌లో మీ నాన్నగారి స్థలంలో చెక్క ఇల్లు వేయించమన్నారు. చుట్టూ పలకలు, పైన రేకులు. చెక్కకు పర్మిట్ కోసం నేను తిరగని రోజు లేదు. ఇదిగో అదిగో అంటున్నారు. వాన అలా అనదు కదా.

అందుకని ఇటుకతో కట్టించాలని నిర్ణయించుకున్నాను. మీ అన్నయ్యకు చెప్పలేదు.

నువ్వు ఉలిక్కిపడతావని తెలుసు. "ఇటుక గోడల మధ్య నేను పడుకోను సరోజినీ. కడితే నువ్వే ఉండు" అని పెళ్ళయిన కొత్తలోనే చెప్పారాయన. సునామీ వచ్చిన నాటి భూకంపంలో మీ అమ్మగారు వంటింటి గోడ కూలి చనిపోయారని తెలిసినదాన్ని, నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. మళ్ళీ ఆ స్థలంలోనే ఇటుక పేర్చాలంటే నాకూ మనసొప్పడం లేదు. అయితే ఇది ఆనాటి గోడ కాదు. పునాది మీదా కిటికీల మీదా ఇనుము వేసి కాంక్రీటు పట్టీలు పోయిస్తాను. లేచి నిలబడ్డ ఇంటిని చూస్తే ఆయన మెత్తబడతారని నా మొండి ధైర్యం. మెత్తబడకపోతే నేనూ దీపికా ఆ ఇంట్లో, ఆయన ఓడలో.

ఇక్కడ దొరికే ఇటుక పెద్ద పనులకే సరిపోవడం లేదు. నాలాంటివాళ్ళకు సరిగా కాలనివి అంటగడుతున్నారు. మొన్న ఒకటి నా చేతిలోంచి జారి, మెత్తని మట్టిలో పడి ముక్కలైంది. అమ్మేవాడు "దీదీ, జర జోర్‌సే పట్టుకోవాలి కదా" అని నన్నే తప్పుపట్టాడు. మీ టెక్కలి చుట్టుపక్కల బట్టీలున్నాయి. నువ్వూ, మీ ఆయన గోపినాథ్ గారూ మంచి ఇటుక చూసి విశాఖలో సరుకుల ఓడ ఎక్కించగలరా? 

అన్నయ్యకు ఒక్క ముక్క కూడా చెప్పకు.

నీ వదిన,
సరోజిని.


టెక్కలి,
ఫిబ్రవరి.

వదినా,

నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం సహించలేదు. అన్నయ్యకు తెలియకుండా, అమ్మ పోయిన చోట, ఇటుక గోడ! నీ గుండె దేనితో చేశారో గాని మా ఇంటికి ఇలాంటి కోడలే కావాలి. మరునాడు లేచి బట్టీకి వెళ్ళాను.

బట్టీ యజమానురాలు కామమ్మ అని ఒకావిడ. నేను రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంటే, "ఏటమ్మా, పాట ఇనిపిస్తందేటి?" అని అడిగింది. వినిపిస్తోందన్నాను. నిజంగానే ఖంగుమంటోంది. గోరుతో గీస్తే గీత పడలేదు. నడుమెత్తు నుంచి వదిలితే చెక్కు చెదరలేదు. సముద్రం దాటే ఇటుక అని చెబితే కామమ్మ బుగ్గ నొక్కుకుంది. "నా ఇటుక ఓడెక్కుతందేటి! నేనే ఎప్పుడూ ఎక్కలేదు" అని, మంట బాగా తగిలిన చోటి ఇటుకలు దగ్గరుండి ఏరించింది. నెలాఖరుకు ఓడ ఎక్కుతాయి.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకు. కట్టేముందు ఇటుకను పూర్తిగా నానబెట్టాలి, అదీ మంచి నీళ్ళలో. మంచి నీళ్ళు అని కింద గీత గీశాను చూడు. తాగడానికి పనికొచ్చే నీళ్ళే వాడు. ఎందుకని అడగకు, చెప్పిన మాట విను.

అన్నయ్య నిన్న ఫోను చేశాడు. "పలకలు దొరికాయట, వదిన గట్టిది" అని మురిసిపోయాడు. అవునవునని ఫోను పెట్టేశాను. నువ్వు అబద్ధాలాడు, నన్ను మాత్రం ఆడించకు.

హరిత.


హాడో,
మార్చి.

హరితా,

నీ ఇటుకలు దిగాయి. ఓడ చెప్పిన రోజుకు రాలేదు, వచ్చాక బెర్తు ఖాళీ లేక బయటే నిలబడింది. నేను రోజూ స్కూలు వదిలాక హాడో జెట్టీకి పోయి, దూరంగా కనిపిస్తున్న ఆ ఓడను తిట్టి వచ్చేదాన్ని. విరిగినవి తక్కువే. తుష్నాబాద్‌కు లారీలో తోలించి, ఒక్కో ఇటుకా చేత్తో తడిమి పేర్పించాను. ఎర్రగా, ముచ్చటగా ఉన్నాయి. కామమ్మకు నా తరఫున ఒక చీర పెట్టు.

మేస్త్రీ దొరికాడు. పేరు జోగులు. వీళ్ళ తాతలు మీ టెక్కలి వైపు నుంచే వచ్చారట, ఇతను ఇక్కడే పుట్టాడు. పని వేగం. నోరు అంతకంటే వేగం. 

మీ అన్నయ్య వీడియో కాల్ చేసి స్థలం చూపించమన్నారు. ఫోను పైకెత్తి పక్కవాళ్ళ కొబ్బరిచెట్లు చూపించాను. "కాయ బాగా కాసింది" అన్నారు. ఇరవై ఏళ్ళలో ఆయనకు నేను ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఫోను పెట్టేసి ఇంటికొచ్చాను. దీపిక నన్నే చూస్తోంది. దానికి ఏదో అనుమానం తగిలింది.

నువ్వు గీత గీసిన మంచి నీళ్ళ సంగతికి నవ్వొచ్చింది. ఇంట్లో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. మేమే లెక్కపెట్టుకుని తాగుతున్నాం. ఇటుకలకు రాచమర్యాద చెయ్యడానికి ట్యాంకరు చెప్పాను.

నీ వదిన.


హాడో,
ఏప్రిల్.

హరితా,

గోడలు కిటికీల ఎత్తు దాటాయి! గుమ్మం చోట నిలబడితే గాలి ఎలా వస్తుందనుకున్నావు! మీ అమ్మగారి తులసికోట ఉన్న మూల పొయ్యి వస్తుంది. నాకు భయం తగ్గింది. ఇల్లు చూస్తే ఆయన ఏమీ అనలేరు.

కంగారు ఒక్కటే. ఓడ పని అనుకున్నదానికంటే ముందే తెమిలేలా ఉందట. మేలోనే వచ్చేస్తామన్నారు. ఆయన వచ్చేసరికి పైకప్పు వేసెయ్యాలి. సగం కట్టిన గోడ చూస్తే "ఆపెయ్" అంటారు. పూర్తయిన ఇంటిని ఏమంటారు? అందుకే జోగులును పరుగులు పెట్టిస్తున్నాను.

ట్యాంకరువాడు మాత్రం మొండిచెయ్యి చూపించాడు. ఒకసారి వచ్చాడు, మళ్ళీ అయిపు లేదు. బావిలో బురద తప్ప ఏమీ లేదు. పని ఆగిపోతుందని నేను తల పట్టుకుంటే జోగులే దారి చూపించాడు. "దీదీ, ఇంత ఫికర్ ఎందుకు? వెనకాల ఖాడీ ఉంది కదా. పోటు మీద పంపు పెడితే గుంట భర్ జాతా హై, నిండిపోతుంది. మా అబ్బ కూడా అలాగే నానబెట్టేవాడు. ఇటుక ఎండిపోయాక ఏ నీళ్ళయితే ఏంటి?" అన్నాడు. సిమెంటు కలపడానికి మాత్రం డ్రమ్ములో దాచిన కుళాయి నీళ్ళే వాడుతున్నాం. ఇటుక నానడానికి ఖాడీ నీళ్ళు.

నువ్వు ఊరికే గీతలు గీశావు గాని, ఏమీ కాలేదు. గోడ రాయిలా ఉంది.

నీ వదిన.


టెక్కలి,
ఏప్రిల్.

వదినా,

పని ఆపెయ్. ఈ ఉత్తరం అందిన క్షణం ఆపెయ్.

నిన్న ఫోను చేసి ఇదే చెబితే, దీపిక పక్కనుందని "సరే సరే" అని పెట్టేశావు. సరే అంటే చాలదు. ఖాడీ అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. అందులోది ఉప్పునీరు కాక మరేమిటి? ఉప్పు తాగిన ఇటుక ఊరుకోదు. మంచి నీళ్ళని గీత గీసి మరీ చెప్పాను. ఎందుకు వినలేదు?

ఆ గోడ పడగొట్టించు. నేను ఊరికే అనడం లేదు.

హరిత.


హాడో,
మే మొదటివారం.

హరితా,

పడగొట్టించాలా? ఎంత తేలిగ్గా రాసేశావు! నువ్వు బోరింగు కొడితే నీళ్ళొచ్చే ఊళ్ళో కూర్చున్నావు. ఇక్కడ నేను స్కూల్లో పాఠాలు చెప్పి, ఆ పూటే బస్సెక్కి తుష్నాబాద్ పోయి, మట్టిలో నిలబడి, తిరిగొచ్చి వంట చేసి, నీ అన్నకు అబద్ధాలు చెప్పి పడుకుంటున్నాను. ఎదురింటివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పక్కింటివాళ్ళు సామాను కడుతున్నారు. ఆకాశం దక్షిణం వైపు నల్లబడుతోంది. ఇప్పుడు పడగొడితే నా పిల్లను ఎక్కడ పడుకోబెట్టను, నీ టెక్కలిలోనా?

సంగతి దాచనులే. గోడ మీద తెల్లగా ఏదో పూస్తోంది. ముందు సున్నం చుక్కలనుకున్నాను. తుడిస్తే పోతుంది, రెండు రోజులకు మళ్ళీ వస్తుంది. జోగులు "ప్లాస్టరింగ్ అయితే ఛుప్ జాయేగా దీదీ, కనబడదు" అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. నీ ఉత్తరం నుంచి అదే ఆలోచన.

ఇటుకను నువ్వే ఏరావు, నువ్వే పంపావు. ఇప్పుడు నువ్వే పడగొట్టమంటున్నావు. కారణం చెప్పవు. "ఎందుకని అడగకు" అని మొదటినుంచీ అంటున్నావు. నీకు తెలిసి, నాకు చెప్పనిది ఏదో ఉంది. అదేమిటో చెప్పు. చెప్పకపోతే ఈ గోడ ఇలాగే లేస్తుంది.

సరోజిని.


టెక్కలి,
మే.

వదినా,

నీ కోపం న్యాయమే. చెబుతాను. ఇది చదివాక మాత్రం అన్నయ్య దగ్గర నోరు విప్పవని నాకు మాటివ్వాలి.

ఆ వంటిల్లు నాన్న కట్టినది. ఆ వరసలో మొదటి ఇటుక వంటిల్లు మాదేనని అమ్మ అందరినీ పిలిచి చూపించేది. అప్పుడు నేను మరీ చిన్నదాన్ని. ఆ ఏడూ బావులు ఎండిపోయాయట. నాన్న ఇటుకను ఖాడీ నీళ్ళలో నానబెట్టాడు. ఇసుక సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చాడు. అప్పట్లో అందరూ అలాగే తెచ్చుకునేవారు. తర్వాత గోడ మీద తెల్లగా పూసేది. అమ్మ చీపురుతో దులిపి, మళ్ళీ సున్నం కొట్టేది. ఏటా దులపడం, ఏటా సున్నం. లోపల ఇటుక పిండైపోతోందని ఎవరికీ తెలియదు. భూమి కదిలిన పొద్దున ఆ ఒక్క గోడే పడింది. మిగతా ఇల్లు నిలబడే ఉంది. అమ్మ ఆ గోడ దగ్గరే ఉంది.

మంచి గోడైనా పడేదేమో. ఆ మాట నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను. కాని నాన్న పోయేముందు నా దగ్గరే ఉన్నాడు కదా, ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మను నేనే చంపుకున్నానమ్మా" అన్నాడు. ఇదంతా చెప్పాడు. "అన్నయ్యకు చెప్పకు. వాడు నన్ను దేవుడిలా చూశాడు" అన్నాడు. నేను ఒట్టు వేశాను.

అన్నయ్య ఇటుకను తిట్టినప్పుడల్లా ఊరుకున్నాను. ఇటుకను తిట్టుకుంటున్నంత కాలం నాన్నను తిట్టుకోడు కదా అనుకున్నాను. ఇప్పుడు నువ్వు దీపికను తీసుకెళ్ళి మళ్ళీ అలాంటి గోడ పక్కనే పడుకోబెడతానంటే నేనెలా ఊరుకోను? 

నీ కాళ్ళు పట్టుకుంటాను వదినా. ఆ గోడ తీయించు. అన్నయ్యకు ఏదో ఒకటి చెబుదాం. నాన్న సంగతి మాత్రం వద్దు.

హరిత.


తుష్నాబాద్,
జూలై.

హరితా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి వీల్లేకపోయింది. మొదటినుంచీ చెబుతాను.

నీ ఉత్తరం చదివి ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి తుష్నాబాద్ వచ్చాను. జోగులుకు పని ఆపమని చెప్పాను. అతను తాపీ కింద పడేసి, "ఇక మీ ఇష్టం దీదీ" అని బీడీ వెలిగించాడు. గోడ ముందు నిలబడ్డాను. పడగొట్టమనడానికి నోరు రాలేదు. ఉంచడానికి ధైర్యం లేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో, వెనకనుంచి "సరోజినీ" అని వినిపించింది.

మీ అన్నయ్య. ఓడ పొద్దున్నే హాడోకు వచ్చేసిందట. మా ఇద్దరికీ సర్‌ప్రైజ్ అనుకుని చెప్పకుండా వచ్చారు. నేను తుష్నాబాద్‌లో ఉన్నానని దీపిక చెబితే అటునుంచి అటే వచ్చేశారు. చేతిలో కొచ్చి నుంచి తెచ్చిన హల్వా డబ్బా అలాగే ఉంది.

గోడ దగ్గరికి నడిచారు. తెల్లగా పూసిన చోట వేలితో గీకి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నారు. 

"ఖాడీ నీళ్ళా?" అన్నారు.

నేను తలూపాను. మీకెలా తెలిసిందని అడిగాను.

"నాన్న గోడా ఇలాగే పూసేది. అమ్మ చీపురుతో దులిపేది. ఆ రోజు ఇటుకలు తీస్తుంటే నా చేతుల్లో పిండిలా రాలిపోయాయి" అన్నారు. వేలు తుడుచుకుని, "హరితకు తెలియదు. తెలియకూడదు. దానికి నాన్నంటే ప్రాణం" అన్నారు.

నా పరిస్థితి ఊహించుకో! అటు నువ్వు చెప్పొద్దంటావు, ఇటు ఆయన చెప్పొద్దంటారు. ఇద్దరూ దాచింది ఒకటే. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "దానికి తెలుసు! మీకు తెలియదనుకుని ఇన్నేళ్ళూ ఏడుస్తోంది! ఇక మీ ఎవరి రహస్యమూ నేను మొయ్యను, నాది కూడా!" అని అరిచాను. జోగులు బీడీ ఆర్పేసి పక్కకు పోయాడు.

ఆయన ఇటుకల గుట్ట మీద కూర్చుండిపోయారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవగా చూడటం అదే మొదటిసారి. నేనూ ఏడ్చాను. తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. ఆ రోజే కాదు, ఆ మరునాడు కూడా. నీకు ఫోను చెయ్యకపోవడం వేరు, ఒకే గదిలో ఉండి నాతో మాట్లాడకపోవడం వేరు. "కొబ్బరిచెట్లు చూపించావు కదే నాకు" అని ఒక్క మాట మాత్రం అన్నారు. చెంపదెబ్బ కొట్టినా అంత నొచ్చుకునేదాన్ని కాదు.

మూడో రోజు పొద్దున్నే గడ్డపార తీసుకుని బయల్దేరారు. నేనూ దీపికా వెంట వెళ్ళాం. ఆయనే మొదటి వరస తీశారు. వద్దనుకున్న గోడను పడగొట్టేవాడిలా కాదు, ఒక్కో ఇటుకా విరగకుండా, సిమెంటు గీకి పక్కన పేర్చారు. జోగులు చూసి చూసి సిగ్గుపడి తనూ చెయ్యి వేశాడు. సాయంత్రానికి పెద్ద వాన వచ్చింది. నేను టార్పాలిన్ కోసం పరిగెడితే ఆయన ఆపారు. "తడవనీ. ఉప్పు వదిలేదాకా తడవనీ" అన్నారు. నేను రోజూ దండం పెట్టి ఆపాలనుకున్న వాన, ఆ ఇటుకల మీద రాత్రంతా కురిసింది.

క్వార్టర్ ఖాళీ చేసేశాం. స్థలంలోనే ఒక మూల రేకుల షెడ్డు వేసుకున్నాం. వాన చప్పుడుకు మాటలు వినబడవు. దీపిక పుస్తకాలు తడిసిపోయాయి. వంట చేస్తుంటే పొగ. అయినా ఆయన సెలవు పెట్టి ఇక్కడే ఉన్నారు. వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి ఇటుకలు మళ్ళీ మళ్ళీ నానబెట్టి ఎండబెట్టారు. కొన్ని పూస్తూనే ఉన్నాయి, వాటిని బాట కింద వేశాం. కామమ్మ ఇటుక గట్టిది, చాలావరకు తేరుకుంది. తక్కువైనవాటికి మళ్ళీ ఆవిడ దగ్గరికే పంపాలి నిన్ను.

నీకు ఇచ్చిన మాట తప్పాను. అసలు నేను మాటివ్వనే లేదనుకో. తిట్టాలనుకుంటే తిట్టు.

కింద మీ అన్నయ్య రాస్తానంటున్నారు. కాగితం లాక్కుంటున్నారు.

నీ వదిన.


చిట్టితల్లీ,

పెన్ను పట్టి చాలా కాలమైంది, అక్షరాలు కుదరడం లేదు.

అమ్మ పోయినప్పుడు నీకు పద్నాలుగేళ్ళు. "గోడ ఎందుకు పడింది అన్నయ్యా" అని అందరినీ వదిలి నన్నే అడిగావు. నాన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు, అంతా వింటున్నాడు. నిజం చెబితే ఆయన పెట్టిన అన్నం నువ్వు ముట్టవని భయమేసింది. ఇటుక మంచిది కాదమ్మా అన్నాను. ఇటుక ఇళ్ళే మంచివి కావన్నాను. నువ్వు నమ్మాలని పదే పదే అన్నాను. అనగా అనగా నాకు నిజంగానే భయం పట్టుకుంది. మీ వదిన దగ్గరా అదే అన్నాను.

నాన్న నీకు చెప్పుకున్నాడని తెలిసి సంతోషించాను. ఒక్కడే మోసుకుపోయాడనుకున్నాను ఇన్నాళ్ళూ.

గోడలు మళ్ళీ కిటికీల దాకా వచ్చాయి. నేను లోపలే నిలబడి కట్టిస్తున్నాను. గృహప్రవేశం రోజుకు నువ్వు రావాలి. ఓడలో రా, విమానంలో రా, ఎలాగైనా రా. అమ్మ గురించి మనిద్దరం ఇంతవరకూ ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు.

అన్నయ్య.